ఇల్లెందు బొగ్గును మద్రాసు కంపెనీ ఎందుకు అమ్మింది? ఒక చిన్న గని, దాని కార్మికుల కథ

[షాట్: చెన్నై, రాజాజీ సాలై. ఒకవైపు పోర్టు గోడ, ఇంకోవైపు పాత ఎర్ర భవనాలు. కంటైనర్ లారీల రొద కొద్దిగా వినిపించాలి.]

అందరికీ నమస్కారం. నేనిప్పుడు చెన్నైలో, పాతవాళ్లు ఫస్ట్ లైన్ బీచ్ అనే రోడ్డు మీద ఉన్నాను. సముద్రం ఇక్కణ్ణుంచి కనిపించదు, పోర్టు అడ్డం. బ్రిటిష్ కాలంలో మద్రాసు వ్యాపారమంతా ఈ చుట్టుపక్కలే నడిచింది. అప్పటి పెద్ద కంపెనీల్లో బెస్ట్ అండ్ కో ఒకటి. ఐదొందల కిలోమీటర్లకు పైగా దూరంలో, నిజాం రాజ్యంలో తవ్విన బొగ్గును అమ్మిపెట్టిన ఏజెంట్లు వీళ్లే.

చెన్నైలో ఉండే మన తెలుగువాళ్లలో ఖమ్మం, కొత్తగూడెం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. సింగరేణి పేరు అందరికీ తెలుసు. మొదటి బాయి, అంటే బొగ్గు గని, ఎక్కడ మొదలైందంటే మాత్రం కొత్తగూడెం అనో గోదావరిఖని అనో చెప్తారు. రెండూ కాదు, ఇల్లెందు. అక్కడివాళ్లు ఇప్పటికీ దాన్ని బొగ్గుట్ట అంటారు.

[మ్యాప్: వరంగల్, డోర్నకల్, కారేపల్లి, ఇల్లెందు, బెజవాడ, మద్రాసు. రైలు గీత ఒక్కో ముక్కగా కలవాలి.]

భద్రాచలం వెళ్లే యాత్రికులు దారిలో వంట చేసుకుంటుంటే పొయ్యికి పెట్టిన నల్ల రాళ్లే అంటుకున్నాయని ఒక కథ చెప్పుకుంటారు. కథ బాగుంది. రికార్డుల్లో ఉన్నది మాత్రం 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇక్కడ బొగ్గు ఉందని తేల్చడం. ఆయన పేరు మీదే ఒక బొగ్గు పొరకు కింగ్ సీమ్ అని పెట్టారు. దానికి తోడు క్వీన్ సీమ్ కూడా ఉంది, నవ్వకండి. సింగరేణి మాత్రం పక్కనున్న ఊరు. ఈ రోజు ఆ పేరుతో ఉన్న మండలానికి కేంద్రం కారేపల్లి, అది ఖమ్మం జిల్లా. ఇల్లెందు ఉన్నది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో.

1886లో లండన్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. బొగ్గు ఇంకా పైకి రాకముందే లండన్ షేర్ మార్కెట్లో కొందరి జేబులు నిండాయి. నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి అబ్దుల్ హక్ ఈ షేర్ల లావాదేవీల్లో ఇరుక్కుని పదవి పోగొట్టుకున్నాడు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ వేసి విచారణ చేసింది. ఆ గొడవ దానికదే ఒక వీడియో అవుతుంది, ఇక్కడితో ఆపేస్తున్నా.

[స్క్రీన్ మీద: 1889. సుమారు 60 వేల టన్నులు]

1889లో తవ్వకం గాడిలో పడింది. అదే ఏడాది నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది. డోర్నకల్ నుంచి గనులకు విడిగా ఒక లైను వేశారు. బెజవాడ నుంచి మద్రాసుకు రైలు దారి కలిసింది 1899లో. అప్పుడు ఆవిరి ఇంజన్లే కాబట్టి రైల్వేలకు రోజూ బొగ్గు కావాలి. బెంగాల్ బొగ్గు మద్రాసుకు రావాలంటే చాలా దూరం. ఇల్లెందు బొగ్గు దగ్గర. టైటిల్లో అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇదే: కొనేవాళ్లు దక్షిణాదిన ఉన్నారు. మిగతా సగం ఏంటంటే, 1920 డిసెంబరు 23న పాత కంపెనీ ఆస్తులు, అప్పులు తీసుకుని సింగరేణి కాలరీస్ కంపెనీ హైదరాబాద్ చట్టం కింద ఏర్పడింది. దానికి సెక్రటరీలుగా, సెల్లింగ్ ఏజెంట్లుగా బెస్ట్ అండ్ కో వచ్చింది. ఇప్పటికీ డిసెంబరు 23ను సింగరేణి డేగా జరుపుతారు.

ఇదంతా పైన జరిగిన కథ. ఇక బాయిలోకి దిగుదాం.

[షాట్: పెరంబూరులో ఇల్లు. బాల్కనీలో పెద్దాయన, చేతిలో కర్ర.]

ఈయన మా పెద్దనాన్న. ఇల్లెందులో కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు కొడుకు దగ్గర పెరంబూరులో ఉంటున్నారు.

నేను: పెద్దనాన్నా, బాయిలో దిగగానే ముందు చేసే పనేంది?

పెద్దనాన్న: పనేంది రా, ముందు బండ చూడాలె. మా పని చూసే సర్దార్ కర్రతోటి పైకప్పుకు కొట్టి సూస్తడు. గట్టిదైతే ఖంగుమంటది. పొర ఇడిసిందైతే డొల్ల సప్పుడొస్తది. డొల్ల సప్పుడొస్తే ఆడ అడుగు పెట్టొద్దు. ఆగు, ఇనిపిస్త.

[క్లోజప్: కర్ర చివర. బాల్కనీలో మామూలు టైలు మీద ఒకసారి, సిమెంటు వదిలిన టైలు మీద ఒకసారి. మ్యూజిక్ వద్దు, ఆ రెండు చప్పుళ్లూ విడిగా వినపడాలి.]

పెద్దనాన్న: ఇన్నవా? ఆ తేడా తెల్వకపోతే పానం పోతది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే తవ్వే పద్ధతి తెలియాలి. దీన్ని బోర్డ్ అండ్ పిల్లర్ అంటారు. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తొలుస్తూ పోతారు. మధ్యలో చదరాలుగా బొగ్గును వదిలేస్తారు. పైనున్న నేలను మోసేవి ఆ పిల్లర్లే. ఆ ప్రాంతంలో దారులన్నీ అయిపోయాక, చివర్లో వెనక్కి వస్తూ ఆ పిల్లర్లను కూడా తీస్తారు. అది డీపిల్లరింగ్. పిల్లర్ తీసిన చోట పైకప్పు కూలిపోతుంది, కూలాలి కూడా. కూలిన ఆ ఖాళీని గోఫ్ అంటారు. అది కూలేలోపు మనుషులు బయటపడాలి. పైకప్పుకు ఊతంగా కర్ర దిమ్మెలు పెడతారు, అవి చిటపటమంటే అదే హెచ్చరిక.

బొగ్గుకు బొరియ వేసి, మందు పెట్టి పేలుస్తారు. పొగ తగ్గాక ఫిల్లర్లు వెళ్తారు. వాళ్ల పనిముట్లు రెండే, తట్టా, చెమ్మాస్. చెమ్మాస్‌తో బొగ్గు ఎత్తి తట్టలో పోసి, నెత్తిన పెట్టుకుని టబ్బు దాకా, అంటే పట్టాల మీద నడిచే చిన్న బొగ్గు బండి దాకా నడవాలి. టబ్బుకు దాదాపు టన్ను పడుతుంది.

నేను: ఎవరి టబ్బు ఎవరిదో ఎట్ల తెలిసేది?

పెద్దనాన్న: బిళ్ల ఉంటది గద, నంబరు బిళ్ల. టబ్బుకు తగిలిస్తం. పైకి పోయినంక నంబరు చూసి రాసుకుంటరు. నిండలేదన్నరనుకో, ఆ కష్టం గంగల కలిసినట్టే. ఆళ్లతోటి కొట్లాట రోజూ ఉండేది.

బొగ్గు లెక్క టన్నుల్లో కాబట్టి కూలి లెక్క కూడా టబ్బుల్లోనే పోయేది. పైకప్పును కొట్టి చూసిన టైము ఏ లెక్కలోకీ రాదు. నా దృష్టిలో గని చరిత్రలో యూనియన్ల పాత్ర అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం చాలు. భద్రత కోసం ఆగితే కూలి పోతుంది. ఆగకపోతే ప్రాణం పోవచ్చు. టబ్బు లెక్క పోయి జీతం లెక్క రావాలని, పోయిన మనిషి కుటుంబానికి దారి చూపించాలని కొట్లాడింది అందుకే.

[పాత ఫొటోల స్లైడ్లు]

నిజాం పాలన చివరి ఏళ్లలో హైదరాబాద్ కార్మిక సంఘాలను నడిపిన మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ ప్రభావం బొగ్గు బాయిల దాకా వచ్చింది. ఇక్కడి కార్మికుల్లో పనిచేసిన శేషగిరి ఆ పోరాట కాలంలోనే ప్రాణాలు కోల్పోయాడు. కొత్తగూడెంలో శేషగిరి భవన్ ఆయన పేరు మీదే ఉంది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం కంపెనీలో ఎక్కువ వాటా కొనేసింది. అందుకే 1970లలో దేశంలో మిగతా బొగ్గు గనులను జాతీయం చేసినప్పుడు సింగరేణికి ఆ అవసరం రాలేదు. ఇప్పుడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం.

మరి ఇల్లెందు సంగతి? కంపెనీ 1920ల చివర్లో బెల్లంపల్లి వైపు, 1937లో కొత్తగూడెం వైపు కదిలింది. పని ఎటు పోతే జనం అటు పోయారు. ఇల్లెందులో పాత బాయిల గుర్తు బస్తీల పేర్లలో మిగిలింది. నంబర్ 2 బస్తీ ఉంది. 24 ఏరియా ఉంది. దొరల పేర్లు పొరలకు పోయాయి, పనివాళ్ల ఇళ్లకు నంబర్లే వచ్చాయి.

"బొగ్గు అయిపోయింది, అందుకే బాయి మూసేశారు" అనే మాట మీరు చాలాసార్లు విని ఉంటారు. అది సగమే నిజం. తట్టతో తీయగలిగిన బొగ్గు అయిపోతుంది. అడుగున పిల్లర్లుగా ఉండిపోయిన బొగ్గును, పై నేలంతా ఎత్తేసి ఓపెన్‌కాస్టులో తీస్తారు. ఇల్లెందు చుట్టూ జేకే-5, కోయగూడెం లాంటి ఓపెన్‌కాస్టు గనులు వచ్చాయి. ఓపెన్‌కాస్టులో షవల్, డంపర్ ఉంటాయి. తట్ట ఉండదు. భూగర్భ గనుల్లో కూడా బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చి ఫిల్లర్ల పని తీసేసుకున్నాయి. మా పెద్దనాన్న దాని గురించి బాధపడరు. "ఆ పని మనిషి చేసేది కాదు రా" అంటారు.

[గ్రాఫ్: రెండు గీతలు. ఒకటి పైకి, ఒకటి కిందికి.]

ఈ గ్రాఫ్ చూడండి. 1990-91లో కంపెనీలో సుమారు లక్షా 16 వేల మంది పనిచేస్తే వచ్చిన బొగ్గు 2 కోట్ల టన్నుల లోపే. 2023-24లో సుమారు 40 వేల మందితో 7 కోట్ల టన్నులు. ఈ 40 వేలు పర్మనెంట్ వాళ్లు మాత్రమే. పక్కన కాంట్రాక్టు కార్మికులు మరో 25 వేల మంది దాకా ఉన్నారు. కార్మికులకు లాభాల్లో వాటా ఇచ్చే పద్ధతి 1999-2000లో 10 శాతంతో మొదలై 2024లో 33 శాతానికి వచ్చింది. 2024లో పర్మనెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేల రూపాయలు అందితే, కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు ఇచ్చారు. కాంట్రాక్టు వాళ్లకు అలా ఇవ్వడం అదే మొదటిసారి. ఆ రెండు అంకెల మధ్య తేడా మీద కామెంట్లలో కొట్లాట తప్పదని తెలుసు, కొట్లాడండి, తిట్లు మాత్రం వద్దు.

చెన్నై నుంచి ఇల్లెందు చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. వరంగల్ వైపు వెళ్లే రైళ్లు డోర్నకల్ మీదుగానే పోతాయి, కానీ అన్నీ అక్కడ ఆగవు, చూసి టికెట్ తీసుకోండి. డోర్నకల్ లేదా ఖమ్మంలో దిగితే అక్కడి నుంచి బస్సులో వెళ్లొచ్చు.

మీ ఇంట్లో తాతలనాటి నంబరు బిళ్ల, మస్టర్ కాగితం, పాత జీతం చీటీ లాంటివి ఉంటే ఫొటో తీసి పంపండి. పేరు, నంబరు చెరిపేసి పంపినా సరే. తర్వాతి భాగం వాటితోనే చేస్తాను.