మార్లిన్ మాన్సన్‌కు క్లీన్ చిట్ ఎవరిచ్చారు?

నమస్కారం. పలువురు మహిళలు చేసిన గృహహింస, లైంగిక దాడి ఆరోపణల నుంచి అమెరికా రాక్ గాయకుడు మార్లిన్ మాన్సన్ నిర్దోషిగా బయటపడ్డాడని 2025 జనవరి నుంచి అభిమానులు ఊరేగిస్తున్న మాట పచ్చి అబద్ధం. అతడికి ఏ న్యాయస్థానమూ క్లీన్ చిట్ ఇవ్వలేదు. ఆ ఆరోపణల మీద జరిగిన క్రిమినల్ దర్యాప్తు అసలు న్యాయస్థానం మెట్లే ఎక్కలేదు.

ఆ నెల 24న లాస్ ఏంజెలెస్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్) నేథన్ హాక్‌మన్ చెప్పిన మాటలు రెండే. గృహహింస ఆరోపణలకు చట్టం విధించిన కాలపరిమితి దాటిపోయింది. లైంగిక దాడి ఆరోపణలను సందేహానికి తావు లేకుండా నిరూపించలేము. నిరూపించలేమని ప్రాసిక్యూటర్ చెప్పడం వేరు, నేరమే జరగలేదని న్యాయమూర్తి తీర్పు చెప్పడం వేరు. ముందుకు వచ్చిన మహిళల ధైర్యాన్ని కూడా ఆయన అదే ప్రకటనలో ప్రశంసించారు, కానీ ఆ వాక్యాన్ని అభిమానులెవరూ పంచుకోరు.

మరి గడువు ఎందుకు దాటింది? ఆ గడువును మింగేసింది అతడి వేషమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ముఖానికి తెల్లరంగు, కంటికి పాలిపోయిన లెన్సు పెట్టుకుని వేదిక మీద రాక్షసుడిగా నిలబడిన మనిషి ఏం మాట్లాడినా, అది పాత్ర మాట్లాడిన మాటేనని సంగీత పరిశ్రమ సర్దిచెప్పుకుంటూ వచ్చింది. 2009లో స్పిన్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, అప్పట్లో కొంతకాలం విడిపోయిన తన ప్రియురాలు, నటి ఎవాన్ రేచల్ వుడ్‌కు ఒకే రోజు 158 సార్లు ఫోన్ చేశానని, సమ్మెటతో ఆమె పుర్రె పగలగొట్టాలని రోజూ ఊహించుకుంటానని అతడే చెప్పాడు. ఆ మాటలు అచ్చయ్యాయి, జనం చదివారు, కచేరీలు యథావిధిగా సాగాయి. పదకొండేళ్ల తరువాత ప్రశ్న ఎదురైనప్పుడు, అదంతా కొత్త ఆల్బమ్ ప్రచారం కోసం చేసిన రాక్ స్టార్ నాటకీయతే తప్ప వాస్తవ కథనం కాదని అతడి ప్రతినిధి బదులిచ్చారు. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడ కొలంబైన్ సంగతి చెప్పి తీరాలి. 1999లో ఆ పాఠశాలలో జరిగిన కాల్పులకు మాన్సన్ పాటలే కారణమని అమెరికాలో ఎందరో నిందించారు. ఆ నింద అన్యాయమైనది, అందులో నాకు సందేహం లేదు. అయితే ఒకసారి అన్యాయంగా నిందపడ్డ కళాకారుడన్న పేరు అతడికి జీవితకాలపు కవచమైంది. ఆ తరువాత ఎవరు వేలెత్తి చూపినా, మళ్లీ ఛాందసుల దాడి మొదలైందని కొట్టిపారేయడం సులువైంది.

అలాంటి మనిషి పేరు చెప్పడానికి ఒక స్త్రీకి ఎన్నేళ్లు పడుతుంది? వుడ్ 2018లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు తాను అనుభవించిన హింసను వివరించినప్పుడు కూడా పేరు బయటపెట్టలేదు. 2021 ఫిబ్రవరి 1న పెట్టారు. ఆ రోజే లోమా విస్టా రికార్డింగ్ సంస్థ అతడిని వదులుకుంది. ఈ మధ్యలో ఆమె పోరాడి సాధించిన ఫీనిక్స్ చట్టం కాలిఫోర్నియాలో గృహహింస నేరాల గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. వారి బంధం 2010లోనే ముగిసినందువల్ల, ఆ పొడిగింపు ఆమెకే అక్కరకు రాలేదు. నాకు అన్నిటికన్నా కడుపు మండే విషయం ఇదే.

ఆరోపణలన్నిటినీ మాన్సన్ మొదటి నుంచీ ఖండిస్తున్నాడు, తన సంబంధాలన్నీ పరస్పర అంగీకారంతోనే సాగాయంటున్నాడు. నటి ఎస్మే బియాంకో అతడి మీద వేసిన దావా 2023లో రాజీతో ముగిసింది. అయితే ఆరోపణలు కల్పితాలని న్యాయస్థానంలో నిరూపించే అవకాశం అతడి చేతికే వచ్చింది. 2022 మార్చిలో వుడ్ మీద పరువునష్టం దావా వేసింది అతడే. మరుసటి ఏడాది న్యాయమూర్తి అందులో ముఖ్యభాగాలను కొట్టివేశారు. 2024 నవంబరులో మాన్సన్ ఆ దావాను తానే ఉపసంహరించుకుని, ఆమె న్యాయవాదుల ఖర్చుల కింద దాదాపు 3,27,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాడు. క్లీన్ చిట్ వచ్చిందని సంబరపడుతున్నవారు ఆ డబ్బు ఎందుకు కట్టవలసి వచ్చిందో ముందు నాకు చెప్పాలి.