పేజీ తిప్పే చెయ్యి

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఆదివారం పూట పిల్లల సినిమా కోసం ఇంతమంది వచ్చారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

మా బడిలో ఒకటో తరగతి పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తుంటాను. మొన్న నేను పేజీ తిప్పబోతే ఒక పాప పుస్తకం మీద అరచెయ్యి పెట్టేసింది. "ఉండండి మేడం, ఇంకా చూస్తా ఉండా" అంది. ఆ పేజీలో ఉన్నది ఒక్క వాక్యం, అది చదవడం ఎప్పుడో అయిపోయింది. పాప చూస్తున్నది మంచం కింద పడుకున్న పిల్లిని. కథలో ఆ పిల్లి ఊసే లేదు.

బొమ్మల పుస్తకాన్ని సినిమా తీయడంలో అసలు చిక్కు ఇదే అనిపిస్తుంది నాకు. పుస్తకంలో ఎంతసేపు ఆగాలో బిడ్డ ఇష్టం. సినిమాలో ఆ పెత్తనం దర్శకుడిది.

మారిస్ సెండాక్ 1963లో తెచ్చిన 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్' అనే బొమ్మల పుస్తకం చూడండి. మొత్తం కలిపి నాలుగు వందల మాటలు కూడా ఉండవు. అల్లరి చేసినందుకు మాక్స్ అనే పిల్లాడిని వాళ్ళమ్మ అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. మొదట్లో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్ల కాగితం. గదిలో అడవి పెరిగేకొద్దీ బొమ్మా పెరుగుతుంది. మృగాలతో కలిసి చిందులేసే చోట ఆరు పేజీల పాటు ఒక్క అక్షరం ఉండదు. అక్కడ నేను నోరు మూసుకుంటాను, పిల్లలే కేకలు పెడతారు. 2009లో స్పైక్ జోన్జ్ దాన్ని గంటా నలభై నిమిషాల సినిమా చేశాడు. సెండాక్ కూడా నిర్మాతల్లో ఒకరు. అంత నిడివి కోసం మాక్స్‌కు ఒక అక్క వచ్చింది, మృగాలకు పేర్లు, అలకలు వచ్చాయి. మంచి సినిమా, కాదనను. కానీ పెద్దవాళ్ళ దిగులు ఎక్కువై, ఆ ఆరు పేజీల సందడి తగ్గింది.

రేమండ్ బ్రిగ్స్ బొమ్మల పుస్తకం 'ది స్నోమన్' 1978 నాటిది. అందులో మాటలే లేవు. 1982లో వచ్చిన సినిమాలోనూ పాత్రలు మాట్లాడవు, మధ్యలో ఒక పాట వస్తుంది, అంతే. పుస్తకంలో లేని క్రిస్మస్ తాతను కలిపినా ఆ మౌనాన్ని మాత్రం చెడగొట్టలేదు. రంగు పెన్సిల్ గరుకు కూడా తెర మీద కనబడుతుంది.

మన శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మీద రామాయణం చూశారు కదా? గళ్ళు గళ్ళుగా బొమ్మలు, వాటి పక్కన తెలుగులో చిన్న రాత. నచ్చిన గడి దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు. మీలో సెల్‌ఫోన్‌తో సినిమాలు తీసే పిల్లలున్నారు. ఏ పుస్తకం ఎంచుకున్నా, ముందు దాన్ని పదిమంది పిల్లల చేతికివ్వండి. ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ వెనక్కి తిప్పుతున్నారో రాసుకోండి. తెర మీద అక్కడ కెమెరాను కదపకండి, వెనకనుంచి గొంతు వినిపించకండి.

ఇప్పుడు 'ది స్నోమన్' వేస్తున్నాం, ఇరవై ఆరు నిమిషాలే. చిన్నపిల్లల్ని ముందుకు పంపించండమ్మా. వాళ్ళు ఏదైనా అడిగితే అడగనివ్వండి, ష్ అనకండి.