నెల్లూరు ఉదయపు పళ్ళెంలో ఏవి ఉండాలి, ఎందుకు ఉండాలి

[దృశ్యం: తెల్లవారుజామున నెల్లూరు ట్రంకు రోడ్డు. ఒక టిఫిన్ అంగడిలో కాలిన పెనం మీద నీళ్లు చిలకరించి, సగానికి కోసిన ఎర్రగడ్డతో నూనె రుద్దుతున్నారు.]

వ్యాఖ్యానం: నమస్కారం. నెల్లూరులో గానీ, ఒంగోలులో గానీ నేడు ఏ టిఫిన్ అంగడికి వెళ్లినా గోడ నిండా పేర్లే కనిపిస్తాయి. మైసూరు బజ్జీ మొదలుకొని పనీర్ దోశ వరకు అన్నీ దొరుకుతాయి. అన్నీ దొరికే చోట, ఈ ప్రాంతపు సంప్రదాయ అల్పాహారం ఏది, అందులో ఏవి తప్పక ఉండాలి అని అడిగితే చెప్పటం కష్టమవుతుంది. పాతదంతా సంప్రదాయమనుకుందామంటే ఆ కొలత ఇక్కడ నిలవదు. కారం దోశకు ప్రాణమైన మిరప, పచ్చడికి ఆధారమైన వేరుశనగ రెండూ అమెరికా ఖండాలలో పుట్టిన పంటలే. 1498లో వాస్కో డ గామా కాలికట్‌కు చేరిన తరువాతి కాలంలో పోర్చుగీసు వర్తకుల వల్ల మిరప మన తీరానికి వచ్చింది. అందువల్ల మనం వేరొక కొలత తీసుకుందాం. పళ్ళెంలో నుంచి ఒక పదార్థాన్ని తీసేసినప్పుడు మిగిలినవాటి రుచి కుంటుపడితే, అది అక్కడ ఉండవలసినదే. తీసేసినా ఏ లోటూ తెలియకపోతే అది అతిథి మాత్రమే.

[దృశ్యం: గిన్నెలో నానుతున్న మినప్పప్పు, పక్కన బియ్యం, చిటికెడు మెంతులు.]

వ్యాఖ్యానం: మొదట పిండి సంగతి చూద్దాం. నెల్లూరు పేరు చెప్పగానే మొలగొలుకుల బియ్యం గుర్తుకు వస్తుంది. పెన్నా ఆయకట్టులో పండే సన్నబియ్యానికి ఉన్న పేరు అంతటిది. అయితే దోశకు ఆ సన్నబియ్యం అక్కరలేదు. ఇళ్లలో చాలామంది లావు బియ్యాన్ని, అంటే రేషన్ బియ్యం వంటివాటినే దోశకు వాడతారు. ఒక గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం, ఒక చెంచా మెంతులు, రుబ్బేటప్పుడు గుప్పెడు నానబెట్టిన అటుకులు లేదా అన్నం కలిపితే కారం దోశకు తగిన పిండి వస్తుంది. బియ్యంలోని పిండిపదార్థం దోశకు కరకరలాడే గుణాన్ని ఇస్తే, మినప్పప్పులోని మాంసకృత్తులు, జిగురు కలిసి పులిసేటప్పుడు పుట్టే వాయువును బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. మినప్పప్పు మీద సహజంగానే ఉండే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పిండిలోని చక్కెరలను తిని, ఒకవైపు పులుపును, మరొకవైపు కార్బన్ డయాక్సైడ్‌ను తయారుచేస్తాయి. రాత్రి సగం గిన్నె ఉన్న పిండి తెల్లవారేసరికి అంచు దాకా పొంగటానికి కారణం ఇదే.

ఇక్కడ మన ఎండలను లెక్కలోకి తీసుకోవాలి. వంట పుస్తకాలలో ఎనిమిది నుంచి పది గంటలు పులియబెట్టమని రాస్తారు. పగటి వేడి నలభై డిగ్రీలు దాటే మే నెలలో నెల్లూరు వంటింటికి ఆ లెక్క వర్తించదు. ఐదారు గంటలకే పిండి తయారవుతుంది, ఆ తరువాత ఫ్రిజ్‌లో పెట్టకపోతే ఉదయానికి పులుపు హద్దు దాటుతుంది.

[దృశ్యం: నానిన ఎండుమిరపకాయలను తెల్లగడ్డ రెబ్బలతో కలిపి రోట్లో నూరుతున్న చేతులు.]

వ్యాఖ్యానం: ఇక ఎర్ర కారం. ఈ పళ్ళెంలో అన్నిటికంటే ముఖ్యమైనది, మనం అన్నిటికంటే ఎక్కువగా పాడు చేస్తున్నదీ ఇదే. పన్నెండు ఎండుమిరపకాయలను వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఎనిమిది తెల్లగడ్డ రెబ్బలు, ఒక చిన్న ఎర్రగడ్డ, అర చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు చేర్చి మెత్తగా నూరాలి. గుంటూరు మిరప ఒక్కటే వేస్తే ఘాటు ఎక్కువవుతుంది. సగం బ్యాడగి మిరప కలిపితే ఘాటు తగ్గి, రంగు నిండుగా వస్తుంది. డబ్బాలోని కారప్పొడిని నీళ్లలో కలిపి పూయటం నేడు అంగళ్లలో మామూలైపోయింది. ఆ పని దయచేసి ఇంట్లోనైనా చేయకండి. పొడికి మాడే గుణం ఉంది. నానిన మిరప తొక్కలో ఉండే తేమ పెనం మీద నెమ్మదిగా ఇగిరిపోతూ తెల్లగడ్డ పచ్చివాసనను కూడా తనతో తీసుకుపోతుంది.

పూసే సమయం కూడా ముఖ్యం. పిండి పలచగా తిప్పిన తరువాత దాని పైభాగపు తడి ఆరి, ఇంకా మెత్తగా ఉన్నప్పుడే కారం పూసి, సెగ తగ్గించాలి. తడి మీద పూస్తే పిండి అట్లకాడకు అంటుకొని చిరుగుతుంది. పూర్తిగా కాలిన తరువాత పూస్తే కారం పచ్చిగానే మిగిలిపోతుంది.

[దృశ్యం: కారం పూసిన దోశ మీద పప్పుల పొడి చల్లి, అంచుల వెంట నెయ్యి వేస్తున్నారు.]

వ్యాఖ్యానం: కారం మీద పప్పుల పొడి చల్లటం అలంకారం కోసం కాదు. వేయించిన శనగపప్పును, అంటే పుట్నాలను, నాలుగైదు ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, జీలకర్ర, ఉప్పుతో కలిపి దంచిన ఈ పొడి, కారంలో మిగిలిన తేమను, పైన వేసిన నెయ్యిని పీల్చుకొని దోశను మెత్తబడనివ్వదు. పొడి లేని కారం దోశ పళ్ళెంలోకి వచ్చిన కొద్దిసేపటికే వాలిపోతుంది.

నెయ్యి ఎందుకంటారా? మిరపలోని ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నోరు మండినప్పుడు మంచినీళ్లు ఎన్ని తాగినా ఉపశమనం కలగదు. నెయ్యి, వెన్న, పెరుగు మాత్రం పని చేస్తాయి. ఈ పళ్ళెం పక్కన చిక్కటి మజ్జిగ గ్లాసు ఉండటం ఎంతో న్యాయం. నేడు ఆ చోటును టీ ఆక్రమించింది. వేడి టీ మంటను మరింత పెంచుతుంది కనుక దానిని కాసేపు ఆగి తాగటం మేలు.

వేరుశనగ పచ్చడి కూడా ఈ లెక్కలోనే చేరుతుంది. వేయించిన పప్పులను పచ్చిమిర్చి, చింతపండుతో రుబ్బి జారుగా కలిపితే, అందులోని నూనె ఘాటును తగ్గిస్తుంది, పులుపు నోటిని తేటపరుస్తుంది. గట్టిగా ముద్దలా చేసిన పచ్చడి ఈ పని చేయలేదు.

[దృశ్యం: మూడు గిన్నెలు. ఒకదానిలో సాంబారు, రెండవదానిలో ఆలుగడ్డ కూర, మూడవదానిలో చేపల పులుసు.]

వ్యాఖ్యానం: మన కొలతకు నిలవనివాటిని కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. కారం దోశలో ఆలుగడ్డ కూర పెట్టటం నా దృష్టిలో పొరపాటు. అది కారాన్ని కప్పేస్తుంది, దోశను బరువెక్కిస్తుంది, తీసేస్తే ఏ లోటూ తెలియదు. సాంబారు గొప్ప వంటకమే, ఇడ్లీకి సరైన తోడు. కరకరలాడే కారం దోశను అందులో ముంచితే మాత్రం పొడి, నెయ్యి కలిసి చేసిన పనంతా వృథా అవుతుంది. మిరియాలు, నెయ్యి వేసిన పొంగలి నెల్లూరు ఉదయాలలో స్థిరపడటంలో తమిళనాడు పొరుగు ప్రభావం ఉంది. అది తన పచ్చడితో తానే ఒక పూర్తి పళ్ళెం, దోశ పక్కన దానికి పని లేదు.

చేపల పులుసు విషయం వేరు. మామిడికాయ ముక్కలు వేసి మట్టిచట్టిలో కాచిన నెల్లూరు చేపల పులుసు రాత్రికంటే మరునాటి ఉదయమే బాగుంటుందని ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. చింతపండు, మామిడి పులుపు, ఉప్పు రాత్రంతా ముక్కలోకి దిగుతాయి, పులుసు చిక్కబడుతుంది. దానికి కావలసింది కరకరలాడే దోశ కాదు, మినప్పప్పు కొంచెం ఎక్కువగా పడిన, మందంగా, మెత్తగా కాల్చిన తెల్ల దోశ. పులుసును పీల్చుకోవటమే దాని పని. పండుగనాడు నాటుకోడి కూరతో వేసే దోశకూ ఇదే నియమం వర్తిస్తుంది. శాకాహారులు కాని ఇళ్లలో ఈ జంటకు కారం దోశతో సమానమైన గౌరవం ఉంది, ఉండాలి కూడా.

[దృశ్యం: ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్ట. సజ్జ చేను. తరువాత మట్టిపెనం మీద కాలుతున్న రొట్టె.]

వ్యాఖ్యానం: అయితే ఈ చర్చంతా వరి పండే నేలకు సంబంధించినది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలను తీసి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కర్నూలు నుంచి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు వైపు నేల మెట్ట. అక్కడ సజ్జ, జొన్న రొట్టెలకు, సంగటికి ఉన్న స్థానం దోశకు తరువాత వచ్చింది. ఆ రొట్టెకు పప్పుల పొడి సరిపోదు; పండుమిరపకాయలతో పట్టిన కొరివి కారం, దాని మీద నూనె చుక్క, నంజుకోవటానికి పచ్చి ఎర్రగడ్డ ఉండాలి. రొట్టెలో పులుపు లేదు కాబట్టి చింతపండు చేరిన కొరివి కారం ఆ లోటును తీరుస్తుంది. పదార్థాలు మారినా, ఒకదాని లోటును మరొకటి పూడ్చే ఏర్పాటు మాత్రం అదే.

చద్దన్నం గురించి అడిగేవారు ఉంటారు. అది ఉదయం పొయ్యి వెలిగించకుండా తినేది కనుక, దాని గొప్పతనాన్ని మరొక వీడియోలో వివరంగా చెప్పుకుందాం.

[దృశ్యం: గిన్నె అడుగున మిగిలిన పుల్లటి పిండిలో తరిగిన ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి కలుపుతున్నారు.]

వ్యాఖ్యానం: చివరిగా, మూడవ రోజు పిండి. మొదటి రోజు తాజా పిండితో తెల్ల దోశ, రెండవ రోజు కాస్త పులిసిన పిండితో కారం దోశ వేస్తాం. మూడవ రోజుకు మిగిలేది దోశకు పనికిరానంత పుల్లగా ఉంటుంది. దానిని పారేయవలసిన అవసరం లేదు. పులిబొంగరాలకు కావలసిన పులుపు అదే. సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి, పిండి మరీ జారుగా ఉంటే రెండు చెంచాల బియ్యప్పిండి చేర్చి, మధ్యస్థంగా కాగిన నూనెలో చిన్న చిన్న ఉండలుగా వేయాలి. నూనె మరీ కాగితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటాయి, చల్లగా ఉంటే నూనె పీల్చుకుంటాయి. పిండిలోనే పులుపు ఉంది కాబట్టి వీటి పక్కన వేసే వేరుశనగ పచ్చడిలో చింతపండు సగానికి తగ్గించండి.