బిల్లు ఓడిపోతే ఓడిపోనివ్వండి

(హనుమకొండలో సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సార్లకు, మేడమ్‌లకు, అందరికీ నమస్కారం.

నవంబర్ 26, రాజ్యాంగ దినోత్సవం దగ్గర పడుతోంది. మన బడుల్లో మాక్ అసెంబ్లీల, అంటే పిల్లలే సభ్యులై నడిపే నమూనా శాసనసభల, హడావుడి మొదలవుతుంది. దాని గురించే నన్ను మాట్లాడమన్నారు కాబట్టి చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పిల్లలకు మనం రాసిచ్చే స్క్రిప్టు మానేద్దాం.

ముఖ్యమంత్రి ఏం మాట్లాడాలి, ప్రతిపక్ష నాయకుడు ఎక్కడ అడ్డు తగలాలి, బల్లలు ఎప్పుడు చరచాలి, వాకౌట్ ఎప్పుడు చేయాలి, అన్నీ మనమే రాస్తున్నాం. వాటిని బట్టీ పట్టించి, చివర్లో బిల్లు ఏకగ్రీవంగా ఆమోదం పొందిందని చప్పట్లు కొట్టిస్తున్నాం. పిల్లలు తడబడకుండా చెప్పారని అందరూ మెచ్చుకుంటారు, ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. కానీ ఆ గంటసేపట్లో ఒక్క పిల్లగానికి కూడా సొంతంగా ఏదైనా తేల్చుకోవాల్సిన అవసరం రాలేదు. ఎటు ఓటెయ్యాలో తెలియక ఎవరూ సతమతం కాలేదు. సభ అంటే ఏమిటో తెలియాలంటే ఆ సతమతం పడి తీరాలి.

మనకు స్వపరిపాలన దినోత్సవం ఎలాగూ ఉంది. ఆ రోజు ఒకరు కలెక్టరు, ఒకరు డీఈవో, ఒకరు హెడ్మాస్టరు అవుతారు. చిన్నపిల్లలు చీర కట్టుకొని టీచరై పాఠం చెబుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని నేను తక్కువ చేయను. ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో పిల్లలకు తెలుస్తుంది. శాసనసభ పని వేరు. అక్కడ ఒకరి మాటను ఇంకొకరు కాదనాలి, కాదన్నవాళ్లకు జవాబు చెప్పాలి, ఆ తర్వాతే ఓటు. దేశంలో ఈ ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1966-67లోనే ఢిల్లీ బడుల్లో యువ పార్లమెంటు పోటీలు మొదలుపెట్టారు. అయితే పోటీ అనగానే మన దృష్టి బహుమతి మీదికి పోతుంది, అక్కణ్నుంచే స్క్రిప్టులు పుట్టుకొస్తాయి.

స్క్రిప్టు లేకుండా ఎలా అని అడుగుతారు. విషయం సరిగ్గా ఎంచుకుంటే స్క్రిప్టు అవసరమే ఉండదు. ప్లాస్టిక్ నిషేధం, చెట్లు నాటుదాం, ఇలాంటి బిల్లులు పెడితే కాదనేవాళ్లు ఎవరుంటారు? ప్రతిపక్షానికి మాట దొరకదు, అప్పుడు మనం అందించక తప్పదు. ఊళ్లో దేని మీద నిజంగా తగవు పడుతున్నారో దాన్నే సభకు తేవాలి.

మా తొమ్మిదో తరగతి పిల్లలు కోతుల మీద బిల్లు తెచ్చారు. మన పల్లెల్లో కోతుల బెడద గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు. మక్క కంకి పాలు పోసుకునే సమయానికి మంద దిగుతుంది. ఇంటి పెరట్లో నాలుగు కూరగాయలు పెట్టుకోవడం కూడా మానుకున్నవాళ్లున్నారు. కోతుల్ని పట్టి అడవిలో వదలాలి, పంట పోయిన రైతుకు పరిహారం ఇవ్వాలి, ఇదీ వాళ్ల బిల్లు. రెండే పేజీలు.

మొదటి చిక్కు బిల్లు సభకు రాకముందే వచ్చింది. అసలు ఈ చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభకు ఉందా? ఏడో షెడ్యూల్‌లోని మూడు జాబితాలు (కేంద్రం, రాష్ట్రం, ఇద్దరూ ఉమ్మడిగా చట్టం చేయగల అంశాలవి) కాగితం మీద ఇచ్చి వెతుక్కోమన్నాను. అదే షెడ్యూల్ పాఠంగా చెప్పినప్పుడు కిటికీలోంచి బయటికి చూసే పిల్లలు ఆ రోజు వేలు పెట్టి వరుసలు చదివారు. వన్యప్రాణుల రక్షణ ఉమ్మడి జాబితాలో దొరికింది, 17బి అంశంగా. 1976లో 42వ సవరణతో అడవులు, విద్యతో పాటు అది అక్కడికి చేరింది. ఉమ్మడి జాబితా కాబట్టి రాష్ట్రం చట్టం చేయొచ్చు. కానీ అది కేంద్ర చట్టానికి అడ్డం వస్తే 254వ అధికరణం ప్రకారం కేంద్రం మాటే చెల్లుతుంది, రాష్ట్రపతి ఆమోదం ఉంటే తప్ప. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచే ఉంది. పిల్లలు కాసేపు డీలా పడ్డారు. అంతలో ఒకమ్మాయి రాష్ట్ర జాబితా 14వ అంశం చూపించింది. వ్యవసాయం, చీడపీడల నుంచి పంట రక్షణ. ఇంకేముంది, కోతుల్ని పట్టే క్లాజు తీసేశారు, పంట పరిహారం ఉంచారు. ఎంతవరకు చేతనవుతుందో అంతవరకే బిల్లును కుదించుకోవడం వాళ్లంతట వాళ్లు చేసిన పని. అధికారాల విభజన గురించి ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను.

తర్వాత డబ్బు. సంచిత నిధి, అంటే రాష్ట్ర ఖజానా, నుంచి ఖర్చు పెట్టించే బిల్లును గవర్నరు సిఫారసు లేకుండా సభ ఆమోదించకూడదని 207వ అధికరణంలో ఉంది. ఆ సిఫారసు కోసం కాగితం కదిలేలోపే ఆర్థిక మంత్రి పాత్రలో ఉన్న పిల్లాడు నీళ్లు నమలడం మొదలుపెట్టాడు. ఎకరానికి ఇంత అని రాస్తే ఆ డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి? దేంట్లో కోత పెట్టాలి? అడిగింది ప్రతిపక్షం కూడా కాదు, వాళ్ల మంత్రివర్గమే. పద్దుల మీద కోత తీర్మానం (ప్రభుత్వం అడిగిన ఖర్చు తగ్గించాలనే తీర్మానం) అంటే ఏమిటో అంతకుముందు పరీక్షలో రాసినవాళ్లే, ఇప్పుడు కోత ఎవరి మీద పడుతుందో లెక్కేస్తున్నారు.

అసలు గొడవ సభలో మొదలైంది. ఒక్కో క్లాజు చదువుతూ వస్తున్నారు. "పంట నష్టపోయిన రైతుకు" అనే చోట వెనక వరసలో పిల్లాడు లేచాడు. తరగతిలో నోరు మెదపనివాడు.

"అధ్యక్షా, మా నాయనకు పట్టా లేదు. కౌలుకు చేస్తడు. కోతి కంకి ఇరిస్తే నష్టం మా నాయనకా, పట్టా ఉన్నాయనకా?"

మంత్రి లేచి, "రైతు అని రాసినం కద, రైతులందరికీ వస్తది" అన్నాడు.

"రైతు అంటే ఎవరో అండ్ల రాయలే గదా అధ్యక్షా?"

సభ ఆగిపోయింది. చట్టాల్లో నిర్వచనాల క్లాజు ముందు ఎందుకు పెడతారో ఆ ప్రశ్నతో అందరికీ తెలిసిపోయింది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు కౌలు రైతులు దాని బయటే ఉండిపోయిన సంగతి మనందరికీ తెలుసు. ఆ పిల్లాడికి ఇంకా బాగా తెలుసు. ప్రతిపక్షం సవరణ తెచ్చింది. పట్టా ఉన్నా లేకున్నా ఆ పంటకాలంలో భూమిని సాగు చేస్తున్న మనిషే రైతు అని. అధికార పక్షంలో ఒకమ్మాయి గట్టిగా కాదంది. ఆమె తాతయ్య ఊళ్లో భూమి కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నాడు. కౌలుదారు పేరు సర్కారు కాగితంలో ఎక్కితే రేపు భూమే నాదంటే మా తాత ఎక్కడికి పోవాలి అని అడిగింది. ఇద్దరి భయమూ నిజమైనదే. మన ఊళ్లలో ఏళ్లుగా తెగని తగవు అది. ఇదే ముడిని విప్పడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2011లో అధీకృత సాగుదారుల చట్టం చేశారని, భూమి హక్కుకు ఇబ్బంది లేకుండా కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలన్నది దాని ఉద్దేశమని అంతవరకే నేను చెప్పాను. ఏది సరైనదో చెప్పలేదు. అక్కడ మనం నోరు కట్టేసుకోవడం చాలా కష్టం, కానీ కట్టేసుకోవాలి.

సవరణ ఓడిపోయింది. ఆ తర్వాత బిల్లు మొత్తం ఓటుకు వచ్చినప్పుడు కౌలు కుటుంబాల పిల్లలు, అధికార పక్షంలో ఉన్నవాళ్లతో సహా, వ్యతిరేకంగా చేతులెత్తారు. బిల్లు పడిపోయింది. పక్కనున్న మేడమ్ కంగారు పడ్డారు, చీఫ్ గెస్టు ముందు ఇలా జరిగిందేమిటని. నాకు మాత్రం ఆ రోజంతా తృప్తిగానే ఉంది. ఎందుకంటే వెంటనే ప్రశ్నలు వచ్చాయి. ఇప్పుడు సర్కారు పడిపోతదా సార్? మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని 164వ అధికరణం రెండో క్లాజు చెబుతుంది. మామూలు బిల్లు ఒకటి ఓడితే వెంటనే రాజీనామా చేయాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు, కానీ అవిశ్వాస తీర్మానం పెడితే మెజారిటీ నిరూపించుకోవాలి. మరి సొంత పార్టీకి వ్యతిరేకంగా ఓటేసినవాళ్ల సంగతేంటి? పార్టీ విప్, అంటే ఇటే ఓటెయ్యాలన్న ఆదేశం, జారీ చేసి ఉండి, పదిహేను రోజుల్లోగా పార్టీ వాళ్లను మన్నించకపోతే, 1985లో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం సభ్యత్వం పోవచ్చు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మీరు కూడా ఒకే బిల్లును ఒకసారి విప్ పెట్టి, ఇంకోసారి విప్ లేకుండా ఓటింగుకు పెట్టి చూడండి. రెండు ఫలితాలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే, ఫిరాయింపుల చట్టం మంచిదా చెడ్డదా అన్న చర్చ దానంతటదే లేస్తుంది. ఆ చట్టం అవసరమేనని నా అభిప్రాయం. అయినా దానివల్ల సభ్యుడి నోరు ఎంత మూతపడుతుందో పిల్లలకు దాచకూడదు.

ప్రశ్నోత్తరాల గురించి కొంచెం. నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెబుతాడు, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. అనుబంధ ప్రశ్నలే దీనికి ప్రాణం. పొద్దున బస్సు నిండిపోయి స్టేజీ దగ్గర ఆపడం లేదని ఒకమ్మాయి అడిగితే, రవాణా మంత్రి "పరిశీలనలో ఉంది" అన్నాడు. టీవీలో విన్న మాటే. ఆమె కూర్చోలేదు. పరిశీలిస్తున్నది ఎవరు, ఏ తారీఖులోపల చెబుతారు అంది. ఆ రెండో ప్రశ్న రాసిచ్చేది కాదు.

అందరూ ముఖ్యమంత్రి వేషం అడుగుతారు. మీరు మాత్రం క్లాసులో అందరూ నమ్మే పిల్లనో పిల్లాణ్నో స్పీకర్‌ని చేయండి. స్పీకర్‌కు మామూలుగా ఓటు లేదు, ఇరుపక్షాలూ సమానమైతేనే నిర్ణాయక ఓటు. తన పార్టీ వాళ్లనే కూర్చోమని చెప్పాల్సిన పని అది. తెలంగాణ తొలి స్పీకర్ మధుసూదనాచారి మన భూపాలపల్లి నుంచే గెలిచారని, పీవీ నరసింహారావు 1957 నుంచి ఇరవై ఏళ్లు మంథని ఎమ్మెల్యేగా ఉన్నారని, కాళోజీ 1958 నుంచి 1960 వరకు శాసనమండలిలో కూర్చున్నారని చెప్పండి. పిల్లలకు ఆ సభ హైదరాబాద్‌లో ఎక్కడో ఉన్న భవనంలా అనిపించదు.

భాష సంగతి తప్పకుండా పట్టించుకోవాలి. ములుగు, ఏటూరునాగారం, మహబూబాబాద్ వైపు బడుల్లో కోయ, లంబాడీ పిల్లలు ఎంతోమంది. మాక్ అసెంబ్లీ అనగానే పుస్తకాల తెలుగు బాగా వచ్చినవాళ్లే ముందుకొస్తారు. అధికార భాషలో, హిందీలో, ఇంగ్లీషులో తగినంతగా చెప్పుకోలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడే అనుమతి స్పీకర్ ఇవ్వొచ్చని 210వ అధికరణమే అంటోంది. తండా నుంచి వచ్చిన అమ్మాయి లేచి అనుమతి అడగనివ్వండి, స్పీకర్ ఇవ్వనివ్వండి. పక్క పిల్ల తెలుగులో చెబుతుంది.

ఒక ప్రశ్న మాత్రం మన దగ్గర ప్రతి బడిలోనూ వస్తుంది, సిద్ధంగా ఉండండి. అసెంబ్లీ వద్దన్నాక తెలంగాణ ఎట్లా వచ్చింది సార్? నిజమే, 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో, అంటే లెక్కపెట్టకుండా అవును, కాదు అనే గొంతులను బట్టి, తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ అదే బిల్లును ఆమోదించాయి. మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం చెప్పాలి, పార్లమెంటు దానికి కట్టుబడాల్సిన పని లేదు. ఇక్కడ ఆగకండి. ఆ చట్టంలో గిరిజన విశ్వవిద్యాలయం హామీ ఉంది. ములుగులో దాన్ని నెలకొల్పడానికి పార్లమెంటు ఇంకో చట్టం చేసింది 2023 డిసెంబర్‌లో. మధ్యలో తొమ్మిదేళ్లు ఏమైందో పిల్లల్నే వెతకమనండి. చట్టంలో రాసిన మాట నేల మీదికి రావడానికి ఎవరెవరు ఎన్నిసార్లు అడగాలో వాళ్లకు తెలుస్తుంది. వాళ్ల అన్నలు, అక్కలు డిగ్రీ కోసం వలస పోయిన సంవత్సరాలవి.

మూజువాణి ఓటులో గొంతు పెద్దదైన పక్షం గెలిచినట్టు వినిపిస్తుంది. డివిజన్ అడిగి లెక్క తేల్చుకునే హక్కుందని ముందే చెప్పండి. మన శాసనసభలో 119 మంది సభ్యులు, కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, పదో వంతు, 12 మంది. మీ తరగతిలోనూ అదే లెక్క పెట్టి, కోరం లేనప్పుడు గంట మోగించండి.

చివరిగా మాట్లాడటానికి ఇష్టపడని పిల్లల గురించి. వాళ్లను ప్రేక్షకుల్లో కూర్చోబెట్టకండి, రిపోర్టర్లను చేయండి. శాసనసభలో ప్రతి మాటా రికార్డవుతుంది. అలాగే వీళ్లు జంటలుగా వంతులవారీగా, ఎవరు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయాలి. మర్నాడు సభలో చదవాలి. నేను అట్ల అనలే అని ఒకరు లేస్తారు, అన్నావని ఇద్దరు చెబుతారు, దాని మీద స్పీకర్ తీర్పు చెప్పాలి. ఆ రికార్డును ఓడిపోయిన బిల్లుతో, సవరణలతో కలిపి కుట్టించి బడి లైబ్రరీలో పెట్టండి. వచ్చే ఏడాది తొమ్మిదిలోకి వచ్చేవాళ్లు కౌలు రైతు క్లాజు దగ్గర నుంచే మొదలుపెట్టవచ్చు. ఏడో షెడ్యూల్ జాబితాలు, ఒక నమూనా బిల్లు జిరాక్సులు తెచ్చాను, బల్ల మీద ఉన్నాయి. తలా ఒకటి తీసుకోండి.