పేరు లేని బొమ్మ: 1872 నాటి జాన్ టిండాల్ ప్రింట్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఇవాళ మన టేబుల్ మీదున్నది 1872 ఏప్రిల్ 6న లండన్ వారపత్రిక ‘వానిటీ ఫెయిర్’లో వచ్చిన రంగుల లిథోగ్రాఫ్, అంటే రాతి మీద గీసి అచ్చు వేసిన బొమ్మ. గీసింది అడ్రియానో చెచోనీ, ఇటలీ శిల్పి. బొమ్మలో ఉన్నాయన శాస్త్రవేత్త జాన్ టిండాల్. దవడ కింద అంచు కట్టినట్టున్న ఆ గడ్డం చూస్తే, ఆయన ఫోటోలు చూసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

చూడనివాళ్ల సంగతేంటి? తిప్పలే. ఎందుకంటే బొమ్మ కింద ఆయన పేరు లేదు! ఒక్క వాక్యం మాత్రం ఉంది: ‘ది సైంటిఫిక్ యూజ్ ఆఫ్ ది ఇమాజినేషన్’. సైన్స్‌కి ఊహను వాడుకోవడం అన్నమాట. 1870లో లివర్‌పూల్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసం పేరే అది. అప్పటి లండన్ పాఠకులకి ఆ మాత్రం చాలు.

మనకి చాలదు కాబట్టి చెప్తాను. ఐర్లాండ్‌లో కార్లో కౌంటీ, లాక్లిన్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో 1820లో పుట్టారు. మొదట భూముల సర్వే, తర్వాత రైలు మార్గాల సర్వే. ఆపైన జర్మనీ వెళ్లి డాక్టరేట్ తెచ్చుకున్నారు. 1853లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్స్ సంస్థలో శాస్త్రవేత్త ఫారడే పక్కన ప్రొఫెసర్ అయ్యారు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వేడిని ఎంతగా పట్టి ఉంచుతాయో 1859 నుంచి కొలిచి చూపించారు. (అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ 1856లోనే ఇలాంటిది గమనించారు, ఆవిడ బొమ్మ ఏ పత్రికా వేయలేదనుకుంటా.) గాజు గొట్టంలో ఆవిరి నింపి, లోపలికి కాంతి పంపి, ఆకాశం లాంటి నీలం రప్పించారు. ఆ నీలానికి కారణమైన, కంటికి కనపడని రేణువుల్ని మనసులో చూడటమే బొమ్మ కిందున్న ఆ ‘ఊహ’. ఇవన్నీ మామూలు జనానికి అర్థమయ్యే పుస్తకాలుగా కూడా రాశారు.

సరే, ప్రింట్‌కి వద్దాం. కొనేముందు భూతద్దం పెట్టి చూడండి. ఇదిగో, కోటు నీడ దగ్గర చుక్కలు చిందరవందరగా, ఇసక చల్లినట్టు ఉన్నాయి చూశారా? ఒక్కో రంగుకి ఒక్కో రాయి వాడి అచ్చు వేస్తే ఇలాగే ఉంటుంది. చుక్కలు వరసగా, చిన్న చిన్న పువ్వుల్లా కనిపిస్తే అది ఇప్పటి ఆఫ్‌సెట్ రీప్రింట్, అంటే ఈ కాలపు యంత్రం మీద మళ్లీ అచ్చేసిన కాపీ. అమ్మేవాళ్లు ‘పాతది’ అంటే చాలదు, నిలదీసి అడగండి. వెనక వైపు కూడా చూడండి, ఖాళీగా ఉండాలి. అంచులు కొద్దిగా గోధుమరంగు తిరిగితే టెన్షన్ పడకండి, 150 ఏళ్లు దాటిన కాగితం. మచ్చలు ముఖం మీదికి వస్తే మాత్రం వదిలేయండి.

గోడకి పెడితే నేరుగా ఎండ తగలనివ్వొద్దు, రంగు వెలిసిపోతుంది. ఫ్రేమ్ లోపల యాసిడ్ లేని మౌంట్ (బొమ్మని ఆనించి పెట్టే అట్ట) అడిగి పెట్టించుకోండి.

రేటింగ్? పదికి ఎనిమిది. ఆ రెండు మార్కులు పేరు వేయనందుకు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ‘మీ ఇంగ్లిష్ మాస్టారా?’ అని అడుగుతారండీ, నేనేం చెయ్యను!