గేట్లు ఎత్తగానే అడవి మొలవదు

ఇసుక మేటలా మిగిలిన ఈ ఏరు కొలరాడో నది. అమెరికా దాటి మెక్సికోలో అడుగుపెట్టగానే మొరెలోస్ డ్యామ్ దగ్గర నీళ్లన్నీ దాదాపుగా పొలాల కాలువలకే పోతాయి, కింద ఏటికి మిగిలేది ఏమీ ఉండదు. ఒడ్డున ఉండాల్సిన కాటన్‌వుడ్, విల్లో చెట్లు ఎండిపోయి, ఎక్కడి నుంచో తెచ్చిన టామరిస్క్ పొదలు ఆ జాగా ఆక్రమించేశాయి.

2014లో రెండు దేశాలూ మాట్లాడుకుని మార్చి 23న నీళ్లు వదిలాయి. మే 18 దాకా సుమారు 13 కోట్ల ఘనపు మీటర్లు, అంటే మన లెక్కలో నాలుగున్నర టీఎంసీల పైమాటే. శాన్ లూయిస్ రియో కొలరాడో ఊళ్లో జనం పిల్లాపాపలతో ఏట్లోకి దిగి పండగ చేసుకున్నారు. మే 15న నది సముద్రాన్ని ముట్టింది కూడా.

అసలు మార్చిలోనే ఎందుకంటే, గింజల కోసం. కాటన్‌వుడ్ గింజ బూరుగు దూదిలా గాల్లో ఎగిరి వస్తుంది, దానికి ప్రాణం కొన్ని వారాలే. ఆలోపు తడి మట్టి మీద, నీడ లేని చోట పడాలి. పడి మొలకెత్తినా సరిపోదు, నేలలో తడి రోజుకు రెండున్నర సెంటీమీటర్లకు మించి కిందికి దిగకూడదు, ఎందుకంటే వేరు వెంటపడి అందుకోగలిగేది సుమారుగా అంతే. నీళ్లు ఒక్కసారిగా ఆపేశారా, మొలక మాడిపోతుంది. అందుకే గేట్లు ఎత్తడం కంటే దించడమే కష్టమైన పని.

మరి ఫలితం? చాలా నీళ్లు ఎండిన ఇసుకలోనే ఇంకిపోయాయి. భూగర్భజలం పెరిగింది, అది మంచిదే. పొదలు పీకి, నేల చదును చేసి సిద్ధంగా ఉంచిన లగూనా గ్రాండే లాంటి చోట్ల కొత్త మొక్కలు లేచాయి. పొదలు అలాగే ఉన్నచోట గింజకు జాగా ఏదీ? పచ్చదనం ఆ ఏడాది పెరిగి తర్వాత మళ్లీ తగ్గింది.

2021లో పద్ధతి మార్చారు. ఈసారి ఒకటిన్నర టీఎంసీలే, మే నుంచి అక్టోబరు దాకా కొంచెం కొంచెంగా. ఆ ఇసుక భాగాన్ని తప్పించి, ఎక్కువ నీళ్లను పొలాల కాలువల గుండానే చెట్లు పెంచే చోట్లకు పంపారు. వీడియో తీస్తే చూడటానికి ఏమీ ఉండదు, నిజమే! కాలువలో వచ్చేది నది ఎలా అవుతుందని కొందరు అడుగుతారు, శాన్ లూయిస్ జనం తరఫున అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఉన్నవి ఒకటిన్నర టీఎంసీలే అయితే నేను మాత్రం కాలువ వైపే.