తెర మీద ముఖం ఒకరిది, గొంతు మార్నీ నిక్సన్‌ది

(తెర మీద: రాత్రి వీధి సెట్, జోరున వాన, దీపస్తంభం పట్టుకుని ఊగుతున్న జీన్ కెల్లీ.)

నమస్తే అండీ. పాత హాలీవుడ్ మ్యూజికల్స్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నేనూ అంతే. ఈ దీపస్తంభం షాట్ ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. ఈరోజు డాన్సుల సంగతి పక్కన పెట్టి, ఆ పాటల్లో వినిపించే గొంతులు ఎవరివో చూద్దాం.

(తెర మీద: పాత రేడియో.)

మన రేడియోలో పాట వేసే ముందు సినిమా పేరు, సంగీతం, రచన, గానం అని వరసగా చెప్పేవాళ్లు. తెర మీద సావిత్రి, పాడింది సుశీల. అందులో దాచడానికేముంది? 1957లో వచ్చిన 'మాయాబజార్'లో మాయా శశిరేఖ పాట గుర్తు తెచ్చుకోండి. మధ్యలో సావిత్రి నోట ఘంటసాల గొంతు పలుకుతుంది. మనం హాయిగా నవ్వుకుంటాం.

పని జరిగే తీరు హాలీవుడ్‌లోనూ దాదాపు ఇదే. పాట ముందు రికార్డు చేసుకునేవాళ్లు. సెట్లో స్పీకర్లో వేస్తే నటులు పెదవులు కలిపేవాళ్లు. తేడా అంతా పేరు దగ్గరే వచ్చింది. వేరేవాళ్లు పాడినా టైటిల్స్‌లో వాళ్ల పేరు వేసేవాళ్లు కాదు. హీరోయినే పాడిందని జనం నమ్మాలని స్టూడియోల పట్టుదల.

(తెర మీద: 'సింగిన్ ఇన్ ద రెయిన్' పోస్టర్, 1952.)

ఈ సినిమా కథ నడిచేదే ఆ దాపరికం మీద. 1927లో మూకీలు పోయి టాకీలు వస్తున్న రోజులు. లీనా లామాంట్ అనే పెద్ద స్టార్‌ది కీచుగొంతు. దాంతో కాథీ అనే కొత్తమ్మాయి తెర వెనక ఆమెకు గొంతు అరువిస్తుంది. చివర్లో తెర పైకి లేచి, మైకు ముందు నిలబడి పాడుతున్న కాథీ అందరికీ కనబడిపోయే సీను ఉంది చూశారూ, నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇక అసలు సంగతి. లీనా కోసం కాథీ ఒక పాట రికార్డు చేసే సీనులో మనకు వినబడేది కాథీగా వేసిన డెబ్బీ రేనాల్డ్స్ గొంతు కాదు. బెట్టీ నోయిస్ అనే గాయనిది. లీనా డైలాగులకు కాథీ డబ్బింగ్ చెప్పే సీనులో వినబడేది లీనాగా వేసిన జీన్ హేగెన్ సొంత గొంతు! ఆమె మామూలు గొంతు అంత బాగుంటుంది మరి. గొంతు దాచడం తప్పని చెప్పిన సినిమాలోనే బెట్టీ నోయిస్ పేరు టైటిల్స్‌లో లేదు. ఆ విషయం తెలిసిన రోజు నాకు చాలా బాధేసింది.

(తెర మీద: మార్నీ నిక్సన్ ఫొటో. కాసేపు అలాగే ఉంచాలి.)

ఈమె మార్నీ నిక్సన్. 1930లో పుట్టారు, 2016లో పోయారు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న సొప్రానో, అంటే పై స్థాయిలో పాడే గాయని. 1956లో 'ద కింగ్ అండ్ ఐ'లో డెబొరా కెర్‌కు పాడారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి రిహార్సల్ చేసేవాళ్లు. కెర్ మాట ఎక్కడ ఆగుతుందో, మార్నీ పాట ఎక్కడ అందుకుంటుందో అతుకు కనబడకూడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఒకే మనిషి అనిపిస్తుంది. ఈ సంగతి బయటకు చెప్పొద్దని మార్నీని స్టూడియో బెదిరించింది. చివరికి కెరే స్వయంగా చెప్పేశారు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది అందుకే.

1961లో వచ్చిన 'వెస్ట్ సైడ్ స్టోరీ' ఇంకా కష్టం. మరియాగా వేసిన నటలీ వుడ్ తన గొంతే ఉంచుతారనుకున్నారు. తను పాడుకున్న ట్రాక్‌కే పెదవులు కలిపారు. షూటింగ్ అయ్యాక ఆ గొంతు తీసేసి మార్నీని పిలిచారు. మామూలుగా పాటకు తగ్గట్టు పెదవులు కదలాలి. ఇక్కడ ఎప్పుడో కదిలిపోయిన పెదవులకు తగ్గట్టు పాట పాడాలి. నటలీ ఒక అక్షరం కాస్త ముందు అందుకుంటే మార్నీ కూడా ముందే అందుకోవాలి, తాళం మాత్రం తప్పకూడదు. మన డబ్బింగ్ ఆర్టిస్టులను అడగండి, మాటలకే ఎంత టెన్షనో చెబుతారు. ఆ సినిమాకు 10 ఆస్కార్లు వచ్చాయి. మార్నీ పేరు టైటిల్స్‌లో రాలేదు. సంగీతం కూర్చిన లెనార్డ్ బెర్న్‌స్టయిన్ మాత్రం తన రాయల్టీలోంచి ఆమెకు కొంత వాటా ఇచ్చారు.

1964లో 'మై ఫెయిర్ లేడీ'లో ఆడ్రీ హెప్‌బర్న్‌కూ ఎక్కువ భాగం ఆమే. అదే సినిమాలో రెక్స్ హారిసన్, ముందే రికార్డు చేసిన పాటకు నోరు కలపనని పట్టుబట్టారు. టై కింద వైర్‌లెస్ మైకు దాచుకుని సెట్లోనే పాడారు. హీరో మాట నెగ్గింది. హీరోయిన్ గొంతు మారింది.

ఇందులో ఆడ్రీ వేసిన ఎలైజా పాత్రను అంతకుముందు రంగస్థలం మీద వేసి పేరు తెచ్చుకున్నది జూలీ ఆండ్రూస్. సినిమాలో ఆ పాత్ర ఆమెకు ఇవ్వలేదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

(తెర మీద: 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్', 1965. కాన్వెంట్ ఆవరణలో నన్స్.)

ఇందులో మరియాగా జూలీ ఆండ్రూస్, పాడింది కూడా ఆమే. కాన్వెంట్‌లో నన్స్ అంతా చేరి మరియా అల్లరి గురించి పాడుకునే పాట ఉంది కదా, అందులో సిస్టర్ సోఫియాను చూడండి. తెల్లటి తలగుడ్డ మధ్య గుండ్రటి ముఖం, నవ్వే కళ్లు. ఆమే మార్నీ నిక్సన్. రంగస్థలం మీది ఎలైజా, సినిమా ఎలైజా గొంతు, ఇద్దరూ ఒకే సినిమాలో.

(ఆ షాట్ దగ్గర ఆపాలి.)

ఒక మరియాకు గొంతిచ్చిన మనిషి ఇక్కడ ఇంకో మరియా గురించి పాడుతున్నారు. ఈసారి ముఖం కూడా ఆమెదే. మాట్లాడకుండా రెండు లైన్లు విందాం.

(పాట వినిపించాలి.)